రెండో సగంలో ఏం జరిగింది

విమానం దిగి రెండు రోజులైంది గానీ నా నిద్ర మాత్రం ఇంకా దిగలేదు. నేనూ మా ఆడపడుచూ కలిసి పద్దెనిమిది రోజులు విదేశాలు తిరిగి వచ్చాం. అక్కడ పగలైతే ఇక్కడ రాత్రి. ఇక్కడ సాయంత్రమైతే నా ఒంటికి అది తెల్లవారుజాము. చీకటితో లేచి అలమారలు సర్దడం, సాయంత్రమయ్యేసరికి నిలబడ్డచోటే తూలడం, ఇదీ నా పరిస్థితి. సరిగ్గా ఆ రెండో రోజు సాయంత్రం ఆరున్నరకే మా తమ్ముడి నాటకం.

వాడికి నలభై తొమ్మిదేళ్ళు. కరెంటు ఆఫీసులో ఉద్యోగం. ఇంట్లో ఇప్పటికీ అందరికీ చిన్నోడే. ఇరవై ఏళ్ళుగా కథలు రాస్తున్నాడు, అవి పుస్తకంగా వస్తే నేనే కుట్టాను. కుట్టానంటే నిజంగానే కుట్టాను. నాది బైండింగు షాపు. ప్రెస్సు నుంచి వచ్చిన పెద్ద అచ్చు కాగితాలు, అవే ఫారాలు, మడిచి, వరసగా పేర్చి, కుట్టి, జిగురు పెట్టి, అట్ట వేస్తాను. నాటకం రాయడం వాడికిదే మొదలు. వచ్చే ఆదివారం సాహితీ సభలో దాని మీద చర్చ పెట్టారు. ఆహ్వానపత్రంలో వక్తల వరసలో నన్ను కూడా వేయించాడు, ఒక్క మాట అడక్కుండా. పెద్ద పెద్ద విమర్శకులుండగా నేనెందుకురా అంటే, నువ్వు మాట్లాడితేనే నాకు తెలుస్తుందన్నాడు. ఏం తెలుస్తుందో చెప్పలేదు.

నాటకాలంటే నాకు పిచ్చి అని అందరికీ తెలుసు. చూడ్డం పిచ్చి. వెయ్యడం మన వల్ల కాదని ఇరవయ్యేళ్ళప్పుడే తేలిపోయింది. అప్పుడు ఊళ్ళోకి ఒక నాటకాల కంపెనీ వచ్చింది. ఊరూరా తిరిగే కంపెనీ, ఆడవేషానికి కొత్త మనిషి కావాలన్నారు. ధైర్యం చేసి వెళ్ళాను. పది నిమిషాలు మాట్లాడించి, కబురు చేస్తామన్నారు. కబురు రాలేదు. కంపెనీ వెళ్ళిపోయింది. మరీ అంత పనికిరానిదానివా అని కొన్నాళ్ళు అద్దంలో చూసుకుని, తర్వాత ఆ చూసుకోవడం కూడా మానేశాను.

మొన్నటి ట్రిప్పులో పాతకాలపు రాతి రంగస్థలం ఒకటి చూపించారు. కొండవాలు మీద అర్ధచంద్రంలా రాతిమెట్లు, కింద గుండ్రటి వేదిక. గైడు దాని నడిమధ్య నిలబడి కాగితం చింపితే, ఆ చప్పుడు పై మెట్టు మీదున్న మాకు వినబడింది. ఎవరైనా వచ్చి మాట్లాడండి అంటే మా ఆడపడుచు నన్ను తోసింది. వెళ్ళి నిలబడ్డాను. ఒక్క మాట గుర్తొస్తే ఒట్టు. చివరికి మా ఇంటి అడ్రసు పిన్ కోడుతో సహా చెప్పి దిగాను. పిన్ కోడు బ్రహ్మాండంగా పలికావు వదినా అని ఆమె రెండు రోజులు ఏడిపించింది.

నాటకానికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆడపడుచు ఇంట్లో గురక పెడుతోంది. మా ఆయనకి నాటకమంటేనే తలనొప్పి. రాసినాయన అక్కగారని మైకులో చెప్పి మరీ మూడో వరసలో కూర్చోబెట్టారు. తెర లేచింది. ఒక ఇల్లు, ప్రెస్సులో ఫారాలు మడిచే అక్క, పన్నెండేళ్ళ తమ్ముడు. తల్లి లేదు, తండ్రి పొద్దున పోతే పొద్దుపోయాక వస్తాడు. చూస్తే ఏముంది, మా ఇల్లే. గోడకున్న గడియారం ఐదు నిమిషాలు వెనక నడవడం దగ్గర్నించీ దించేశాడు.

అక్క పొద్దుటి షిఫ్టు చేసి వచ్చి సాయంత్రం నాలుగింటికి చాప మీద నడుం వాలుస్తుంది. బడి నుంచి వచ్చిన తమ్ముడు పక్కన చేరి కథ చెబుతాడు, ఆమె ఊఁ కొడుతుంది. నిద్రపోయాక కూడా కొడుతుంది. మా ఇంట్లో అది పెద్ద జోకు. గాఢనిద్రలో కూడా నేను వాడి గొంతుకి ఊఁ అనేదాన్నట. రాజుగారు ఏనుగుని జేబులో పెట్టుకుని వెళ్ళాడన్నా ఊఁ అనేదాన్నట. స్టేజీ మీద ఆ అమ్మాయి అచ్చం అలాగే కళ్ళు మూసుకుని ఊఁ అంటే హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

తర్వాత కంపెనీ వచ్చింది. నా నవ్వు ఆగిపోయింది. అక్క వెళ్ళి పది నిమిషాలు మాట్లాడింది, కబురు చేస్తామన్నారు. తెర పడింది. ఇంటర్వెల్లో రెండు కాఫీలు తాగి ఒకటే ఆలోచించాను. కబురు రాదు, అంతే కదా. ఇంకో గంటసేపు ఆడించడానికి దాంట్లో నాటకం ఏముంది? తెలుసుకోవాలని ప్రాణం పీకేసింది. తెర మళ్ళీ లేచింది. నీలం లైటు, పరిచిన చాప. అంతవరకే నాకు గుర్తు.

చప్పట్లకి మెలకువ వచ్చింది. నా ఒళ్ళో ఎవరిదో చేతిరుమాలు ఉంది. పక్క సీట్లో ముక్కూ మొహం తెలియని ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని నొక్కుతోంది. అందరూ లేచి నిలబడ్డారు. కానీ వాళ్ళు చూస్తున్నది స్టేజీ వైపు కాదు, నా వైపు. ఏం చెయ్యాలో తోచక నేనూ లేచి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. దాంతో మరో నలుగురు కళ్ళు తుడుచుకున్నారు. స్టేజీ మీద నటుల మధ్య నిలబడి చిన్నోడు నన్నే చూస్తున్నాడు.

తెర వెనక్కి వెళ్ళగానే వాడడిగింది ఒకటే. రెండో సగం ఎలా ఉందక్కా అన్నాడు. నిద్రపోయానని చెప్పెయ్యాల్సింది. ఇరవై ఏళ్ళు రాసి రాసి మొదటి నాటకం ఆడించుకున్నవాడి మొహం చూస్తూ ఆ మాట ఎలా అనడం? మొదటిది ఒక ఎత్తు, రెండోది ఒక ఎత్తు అన్నాను. ఎక్కడ నచ్చిందని అడిగాడు. ఎక్కడని చెప్పనురా, అంతా అన్నాను. వాడు చాలాసేపు నన్ను చూసి, "ఇంటికెళ్ళి పడుకో అక్కా" అన్నాడు.

ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది. మూడు రోజుల్లో రెండో సగం ఎవరినైనా అడిగి రాబట్టుకోలేకపోతానా అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే పిన్ని ఫోను చేసింది. నాటకానికి ఆమె కూడా వచ్చింది. నాది బంగారంలాంటి మనసట, అంత సంగతినీ ఒక్క ఊఁతో తేల్చేశానట, తనైతే చెంప పగలగొట్టేదట. ఎవరి చెంప అని అడగడానికి నోరు రాలేదు. మరే పిన్నీ అన్నాను. మన ఇంట్లో ఇలాంటిదొకటి దాగుందని మీ నాన్న కూడా తెలుసుకోకుండానే పోయాడు అంటూ ముక్కు చీదింది. ఏది దాగుందో చెబుతుందేమోనని కాసేపు ఆగాను. కూరలబ్బాయి వచ్చాడని పెట్టేసింది.

నాటకానికి లైట్లు వేసినాయన మా షాపుకి రెండు వీధుల అవతలే ఉంటాడు. బాగుచెయ్యాల్సిన రికార్డు పుస్తకం ఏదో ఉందన్నారు కదా అన్న సాకుతో నేనే వెళ్ళాను. లైటింగు బాగుందండీ, ముఖ్యంగా రెండో సగం అన్నాను. ఆయన తల వంచుకుని, మీరలా అన్నప్పుడు నా చెయ్యి స్విచ్చి మీదే ఉండిపోయిందండీ, నాలుగు సెకన్లు ఆలస్యంగా ఆర్పాను, క్షమించాలి అన్నాడు. ఎలా అన్నప్పుడు అంటే, అదేనండీ అన్నాడు గౌరవంగా. టీ ఇచ్చాడు గానీ అంతకుమించి ముక్క చెప్పలేదు.

రాతప్రతి ఇమ్మని, తెర పక్క నుంచి మాటలందించే ప్రాంప్టరుకి ఫోను చేశాను. ఆదివారం దాకా అక్కకి ఇవ్వొద్దని మీ తమ్ముడుగారు నాటకం అయిన రాత్రే చెప్పారండీ అన్నాడతను. ఇదెక్కడి చోద్యం? నేను కుట్టే పుస్తకాల్లో ఒక ఫారం ఎగిరిపోతే చదివేవాడికి మధ్యలో పదహారు పేజీలుండవు. నా చేతికి వచ్చిన ఈ పుస్తకంలో సగం ఫారాలే లేవు, పైగా ఊరందరి దగ్గరా ఉన్నాయి. నిజం చెప్పాలంటే భయం కంటే నాకు కుతూహలమే ఎక్కువగా ఉంది. అంతమంది అంతగా ఏడ్చింది ఏం చూసి?

శుక్రవారం మధ్యాహ్నం షాపులో కుట్టు బల్ల ముందు కూర్చుని ఉంటే ఒక అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. మొన్న అక్క వేషం వేసిన అమ్మాయి. మొహానికి రంగు లేకపోతే చిన్నపిల్లలా ఉంది. సెల్‌ఫోన్ల షాపులో పని చేస్తుందట, భోజనాల టైములో వచ్చింది. తను వేసింది నా వేషమే కాబట్టి నన్ను ఒక్కటడగాలని రెండు రోజులుగా అనుకుంటోందట.

"మీరెందుకు ఊఁ అన్నారండీ?" అంది. "చాప మీద పడుకుని నేనంటాను కదా, సరిగ్గా అప్పుడే కింద మీరు కూడా అన్నారు. మూడుసార్లు. నాకు ఒళ్ళు జలదరించింది. అది క్షమించడమా, లేక ఇంకేదైనానా? తెలిస్తే వచ్చే ఆటలో అలా చేస్తాను."

ఆ పిల్ల మొహం చూస్తే ఇక అబద్ధం ఆడబుద్ధి కాలేదు. తలుపు దగ్గరగా వెయ్యమన్నాను. "అమ్మాయీ, ఎవరితోనూ అనకు. నేను నిద్రపోయాను."

ముందు పకపకా నవ్వింది. ఉన్నట్టుండి ఆపేసింది. అయితే మీకసలు సంగతి తెలీదా అంది. తెలీదన్నాను. వెళ్ళాలండీ అని లేచింది. దారం కోసే కత్తెర అక్కడ పెట్టి నేనే తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. చెబితే గానీ కదలనివ్వనన్నాను. పాపం, ఫారాల కట్ట మీద కూర్చుని చెప్పింది. చెప్పడం కాదు, కళ్ళు మూసుకుని ఆ తమ్ముడి మాటలు ఉన్నవున్నట్టు అప్పజెప్పింది.

"కంపెనీ ఆయన సైకిల్ మీద వచ్చాడక్కా. నువ్వు ప్రెస్సులో ఉన్నావు. గురువారంలోగా వచ్చి కలవమని మీ అక్కకి చెప్పు బాబూ అన్నాడు. సరేనన్నాను. చెప్పలేదు. నువ్వెళ్ళిపోతే ఇంట్లో నేనొక్కణ్ణే ఉండాలి. అందుకని చెప్పలేదు."

అప్పుడు నిద్రలో ఉన్న అక్క ఊఁ అంటుంది. ఆ పిల్లవాడు దాన్ని పట్టుకుని బతికేస్తాడు. పెద్దవాడవుతాడు, కథలు రాస్తాడు, కానీ ఆ ఊఁ నిద్రలో అన్నదని వాడికి తెలుసు. అదీ రెండో సగం.

సూది నా చేతిలోనే ఉంది. ఇది వాడు అల్లిందా, జరిగిందా అని అడిగాను. ఆ అమ్మాయి, రిహార్సల్లో ఆ మాటలు వచ్చే ముందు మీ తమ్ముడుగారు రోజూ లేచి బయటికి వెళ్ళిపోయేవారండీ అంది. నాకు ఇంకేం అడగాల్సిన పని లేకపోయింది.

ఆ సాయంత్రం, మర్నాడూ నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. కంపెనీతో వెళ్ళి ఉంటే ఏం ఒరిగేదో నాకు తెలీదు. ఆర్నెల్లలో కాళ్ళు నొప్పులని తిరిగొచ్చేదాన్నేమో. నా బాధ అది కాదు. ముప్ఫై ఏడేళ్ళు నన్ను నేను పనికిరానిదాన్ని అనుకున్నాను. పెళ్ళిలో పాట పాడమన్నా, షాపు మొదలెట్టిన రోజు నాలుగు మాటలు చెప్పమన్నా, వాళ్ళు వద్దన్నారు కదా అని లోపల ఒకటి అనేది. ఎవరూ వద్దనలేదు. వద్దన్నది పన్నెండేళ్ళ కుర్రకుంక. పైగా ఇప్పుడు నాలుగు వందల మంది ముందు నేను వాణ్ణి క్షమించేశానని ఊరంతా మెచ్చుకుంటోంది. నేను క్షమించలేదు. నిద్రపోయానంతే.

మా ఆడపడుచుకి మాత్రం చెప్పాను. ఆమె అంతా విని, ఆ సైకిలాయన ఊరికే రమ్మన్నాడా, ఇంకేమైనా అన్నాడా వదినా అని అడిగింది. లెక్కల టీచరు కదా, సగం లెక్క చూపిస్తే ఒప్పుకోదు. ఆ ప్రశ్న నన్ను పట్టుకుని వదల్లేదు. కోపం పక్కనే అది కూడా కూర్చుంది.

ఆదివారం సాయంత్రం సభ. గ్రంథాలయం మేడమీద హాలు, మడత కుర్చీలు, గోడకి వేలాడదీసిన బ్యానరు. అధ్యక్షులవారు నాటకం పుట్టుక దగ్గర మొదలుపెట్టి మా తమ్ముడి నాటకం దాకా రావడానికి నలభై నిమిషాలు పట్టింది. చిన్నోడు వేదిక చివర కుర్చీలో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. నా పేరు పిలవగానే చప్పట్లు మోగాయి. పిన్ని ముందు వరసలో రుమాలు తీసి సిద్ధంగా పెట్టుకుంది.

నేను నోరు తెరవగానే మైకు కీచుమంది. రెండుసార్లు చూసి, దాన్ని పక్కకి నెట్టేశాను. వినబడుతోందా అని అడిగితే చివరి వరసలో ఎవరో చెయ్యెత్తి, శుభ్రంగా వినబడుతోందండీ అన్నారు.

మొదటి సగం గురించి ఎనిమిది నిమిషాలు మాట్లాడాను. గడియారం గురించి, ప్రెస్సులో అక్క ఫారం మడిచేటప్పుడు గోరుతో ఒక గీత గీస్తుందే దాని గురించి, అది వాడు ఎంత బాగా చూశాడో దాని గురించి. ఆ గీత ఆ అమ్మాయి తప్పుగా గీసిందని కూడా చెప్పాను.  

"రెండో సగం గురించి నేనేమీ చెప్పలేను. అప్పుడు నేను నిద్రపోయాను" అన్నాను.

సగం మంది నవ్వారు, నేను చమత్కరిస్తున్నాననుకుని. తప్పు నాటకానిది కాదు, విమానానిదన్నాను. చిన్నప్పట్నుంచీ నిద్రలో ఊఁ కొట్టడం నాకు అలవాటని, మీరు విన్నది అదేనని, దానికి ఇంకే అర్థమూ లేదని చెప్పాను. ఇప్పుడెవరూ నవ్వలేదు. పిన్ని రుమాలు మడిచి సంచిలో పెట్టేసింది. రాసినవాడు నాకు విడిగా చెప్పాలి, విన్న తర్వాత మాట్లాడతాను అని ముగించి దిగొచ్చాను. చిన్నోడి వైపు చూడలేదు.

సభ అయ్యాక జనం మెట్లు దిగిపోయారు. నేను కూర్చునే ఉన్నాను. వాడు కుర్చీలు ఒక్కొక్కటే మడిచి గోడకి ఆనిస్తూ, చివరికి నా పక్క కుర్చీ దాకా వచ్చి దాన్ని మడవకుండా కూర్చున్నాడు.

"నాకు తెలుసక్కా" అన్నాడు. "మూడో ఊఁకే తెలిసింది. నిద్రలో అనే ఊఁ వేరుగా ఉంటుంది."

మరి ఆ రోజే ఎందుకు అనలేదని అడిగాను. అందరూ నువ్వు క్షమించావంటుంటే కాసేపు నేనూ అలాగే అనుకుందామనిపించింది అన్నాడు. చిన్నప్పుడు కూడా అంతేనట. కంపెనీ వెళ్ళిపోయిన నెలకి, నేను పడుకున్నానని తెలిసే చెప్పాడట. ఊఁ అన్నానట. లేచి ఆడుకోవడానికి పరిగెత్తాడట.

"నాకు చాలా కోపంగా ఉందిరా" అన్నాను. "ఎప్పుడు పోతుందో నాకే తెలీదు. పోతుందో లేదో కూడా తెలీదు."

వాడు తలూపాడు. జుట్టు సగం నెరిసిన ఆ తలలో పన్నెండేళ్ళవాడు అలాగే ఉన్నాడు. జాలి వేసింది, కోపమూ తగ్గలేదు. ఇప్పుడు నాకు చెప్పు, నాటకంలోలా కాకుండా జరిగినట్టు చెప్పు అన్నాను.

చెప్పాడు. ఆ రోజు మంగళవారమట. సైకిలుకి ముందు బుట్ట ఉందట, అందులో గొడుగు ఉందట. వాడు బడికి వెళ్ళబోతూ గుమ్మంలో పెన్సిలు చెక్కుకుంటున్నాడట. గురువారంలోగా రమ్మన్నాడు అని చెప్పి ఆగిపోయాడు. ఇంకేమన్నాడని అడిగాను. వాడు నేలకేసి చూశాడు.

"మీ అక్క మాట్లాడితే చివరి బెంచీ దాకా వినిపించింది, మేం ఆ తర్వాత ఇంకెవర్నీ చూడలేదని చెప్పు బాబూ అన్నాడు. అది నాటకంలో రాయలేకపోయానక్కా. నాలుగుసార్లు రాసి కొట్టేశాను."

నాకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. ఆ రాతిమెట్ల ముందు నిలబడి పిన్ కోడు చెప్పిన నన్ను తలుచుకుని ఏడ్చాను, అద్దంలో చూసుకోవడం మానేసిన ఆ పిల్లని తలుచుకుని ఏడ్చాను. వాడు నా చెయ్యి పట్టుకోబోయి మానుకున్నాడు. కాసేపటికి, చిన్నప్పుడు కథ మధ్యలో అడిగినట్టే అడిగాడు.

"ఊఁ అనవేం అక్కా?"

"మేలుకునే ఉన్నానురా" అన్నాను. "మళ్ళీ మొదట్నుంచీ చెప్పు."